నిరుడి ఆది, ఈ ఏటి పిల్ల

డిసెంబరు ఆఖర్న గుడ్డ పట్టుకెళితే, మాకు జాకెట్లు కుట్టే ఆవిడ మిషను మీంచి తల కూడా ఎత్తలేదు. "పండగ వెళ్ళాక ఇమ్మంటే పెట్టేసి వెళ్ళండి" అంది. సంక్రాంతికి వేసుకోవాల్సిన పరికిణీ పండగ వెళ్ళాక ఎందుకండీ? సంచి వెనక్కి తెచ్చేశాను. అందులో ఉన్నది అమ్మ చీర. బండారులంక నేత, ఆకుపచ్చ గళ్ళు, రెండు వైపులా ఎర్ర అంచు. పైట దగ్గర చిరుగు పట్టిందని, మొన్న చించినాడ వంతెన దాటి మా ఇంటికి వచ్చినప్పుడు మనవరాలికని ఇచ్చి వెళ్ళింది.

ఇంట్లో తొక్కుడు మిషను ఉంది గానీ, దిండు గలీబులు, చీర ఫాల్స్ తప్ప దాని మీద నేను కుట్టిందేమీ లేదు. బెల్టు వదులైపోయి చక్రం ఉత్తినే తిరుగుతుంటే, ఆ తోలు బెల్టుని అర ఇంచి కోసి మళ్ళీ తగిలించాను. నూనె వేశాను. దానికే ఒక పూట పోయింది.

కొలతల కాగితం కొనుక్కొచ్చి దాని ప్రకారం కత్తిరించడం మా ఇళ్ళలో ఎవరూ ఎరగరు. మనకి తెలిసింది ఆది. ఒంటికి సరిపోయే జాకెట్టు ఒకటి ఇస్తే దాన్ని చూసి కొత్తది కుడతారు. పాపకి ఎనిమిదేళ్ళు, సరిపోయేది ఉంటే కదా! ఉన్నది నిరుడిది. సరే, కాస్త పెంచితే పోలా అనుకున్నాను. దాన్ని నిలువునా సగానికి మడిచి న్యూస్ పేపర్ మీద పరిచి, మడత దగ్గర ఒక ఇంచి, పక్కన ఒక ఇంచి, కింద ఒక ఇంచి వదిలి గీత గీశాను. కుట్టుకి వేరే. మెడ వంపు మాత్రం ఉన్నది ఉన్నట్టు దించాను.

అదృష్టం ఏమిటంటే ముందు పాత పంచె మీద కత్తిరించి చూశాను. టాకా, అంటే తర్వాత విప్పేసే వదులు కుట్లు, వేసి తొడిగితే పాప దిండు గలీబులో దూరినట్టుంది. భుజాలు రెండూ జారి మోచేతుల దగ్గరికొచ్చాయి. "అమ్మా, ఇది నీకేమో" అంది.

ఆ సమయానికి పక్కింటి మామ్మగారు అరుగు మీద కూర్చుని లేసు అల్లుకుంటున్నారు. ఆవిడది నరసాపురం. డెబ్భై దాటినా చేతిలో కొక్కెం ఆగదు. పంచె జాకెట్టు వేసుకున్న పిల్లని అటూ ఇటూ తిప్పి చూసి, "పిల్ల పొడుగు సాగింది గానీ మెడ లావెక్కిందా ఏవిటి అమ్మాయ్?" అన్నారు.

అప్పుడు టేపు తీశాను. ముందే తియ్యాల్సింది. నిరుటికీ ఇప్పటికీ పొడుగులో తేడా ఒకటిన్నర ఇంచి. ఛాతీలో తేడా చుట్టూ కలిపి ఒక్క ఇంచి, 23 నుంచి 24కి వచ్చింది. జాకెట్టు నాలుగు భాగాలు కాబట్టి ఒక్కో భాగానికి కలవాల్సింది పావు ఇంచి. నేను కలిపింది రెండేసి ఇంచీలు! పైగా మడత దగ్గర వదిలిన ఇంచి విప్పితే రెండవుతుంది, అదంతా మెడలోకే పోయింది.

మామ్మగారి లెక్క వేరు. 24లో నాలుగో వంతు 6, వదులుకి అర, లోపల వదలడానికి ఒకటి, మొత్తం ఏడున్నర. మెడ సగం వెడల్పుకి ఛాతీలో పన్నెండో వంతు, అంటే 2. చంక వంపు వెనక కంటే ముందు పావు ఇంచి ఎక్కువ తవ్వాలి, లేకపోతే చెయ్యి ఎత్తినప్పుడల్లా అక్కడ గుడ్డ ముడుచుకుంటుంది. "మెడ మాత్రం ఆఖర్న తియ్యి. చిన్నదైతే ఇంకాస్త కత్తిరించుకుంటావు. పెద్దదైపోతే గుడ్డ మళ్ళీ మొలుస్తుందా?" అన్నారు. రెండో పంచె ముక్క మీద మెడ ఇంచున్నర దగ్గరే ఆపి, తొడిగి చూస్తూ, కొంచెం కొంచెంగా పెంచుకుంటూ రెండుకి తెచ్చాను.

అమ్మ చీర ఎన్నో ఉతుకులు చూసింది కాబట్టి ఇక కుంచించుకుపోదు. లైనింగ్ కొత్తది. రాత్రంతా నానబెట్టి ఆరేశాకే కత్తెర పెట్టాను.

ఇంత చేసీ చేతుల దగ్గర మళ్ళీ తప్పు చేశాను. గుడ్డ తక్కువగా ఉందని ఒక్కో చెయ్యి విడిగా కత్తిరించాను, రెండుసార్లూ కాగితం ఒకే వైపు పెట్టి. రెండూ కుడి చేతులే వచ్చాయి! గుడ్డని రెండు మడతలేసి ఒక్కసారే కోసి ఉంటే చెరొకటి వచ్చేవి. ఒక పావుగంట కడుపులో తిప్పింది. తర్వాత చూస్తే, రంగు దారంతో నేసిన గళ్ళు కదా, ఏది పైవైపో ఏది లోపలివైపో తెలియడం లేదు. ఒకదాన్ని తిరగేసి ఎడమ చెయ్యి చేసేశాను. అదే అచ్చు వేసిన గుడ్డ అయితే ఒక చెయ్యి వెలిసినట్టు ఉండేది.

పరికిణీకి పెద్దగా ఆలోచించక్కర్లేదు. నడుము 22, దానికి మూడు రెట్లు 66, కుచ్చులు నిండుగా ఉండాలని రెండు మీటర్లు తీసుకున్నాను. కత్తెరతో కాకుండా అడ్డంగా చింపాను, పోగు వెంటే తిన్నగా చిరుగుతుంది. చీర కింది అంచే పరికిణీ అంచు, మడిచి కుట్టే పనే లేదు. పై అంచు చేతులకి వచ్చింది. అడుగున రెండు టక్కులు వేశాను, వచ్చే ఏడు ఒకటి, ఆపై ఏడు ఒకటి విప్పడానికి. పెద్ద కుట్టుతో రెండు వరసలు వేసి, కింది దారం లాగి కుచ్చులు పోసేటప్పుడు మాత్రం దారం రెండుసార్లు తెగింది. మూడోసారి సగం అటు నుంచీ సగం ఇటు నుంచీ లాగాను.

హుక్కులు భోగి ముందురోజు రాత్రి పదకొండింటికి కుట్టాను. పొద్దున్న పాప తలంటు పోసుకుని, అవి వేసుకుని గొబ్బెమ్మల దగ్గరికి పరిగెత్తింది. తిప్పేసిన ఎడమ చెయ్యి చంక దగ్గర చిన్న ముడత ఉండిపోయింది. మామ్మగారు కళ్ళజోడు సర్దుకుని అక్కడే చూశారు. చూసి, మళ్ళీ లేసు అల్లుకోవడంలో పడ్డారు.