చిమ్నీ లేని ఇల్లు కొన్నాను

మా బావకి బొమ్మ రైళ్ల పిచ్చి, నాకేమో ఆ రైళ్ల పక్కన పెట్టే ఇళ్లు, స్టేషన్లు, నీళ్ల ట్యాంకుల పిచ్చి, అందుకే పెన్సిల్వేనియాలో యార్క్ మీట్‌కి, అంటే బొమ్మ రైళ్ల కలెక్టర్ల సంతకి, వస్తావా అని అడగ్గానే బ్యాగ్ సర్దేశా. ట్రెయిన్ కలెక్టర్స్ అసోసియేషన్ ఈస్టర్న్ డివిజన్ వాళ్లు ఏటా ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి యార్క్ ఫెయిర్‌గ్రౌండ్స్‌లో పెడతారు. బావ మెంబరు, నేను ఆయన గెస్టుని.

హాల్లో అడుగుపెట్టగానే బావ లయొనెల్ కంపెనీ బొమ్మ ఇంజన్ల వైపు మాయం. నేను ప్లాస్టిక్‌విల్ అనే ప్లాస్టిక్ బొమ్మ ఇళ్ల డబ్బాలున్న టేబుల్ దగ్గర ఆగిపోయా, మళ్లీ మధ్యాహ్నం దాకా కదల్లేదు.

ఇవి ఫిలడెల్ఫియాలో బాక్‌మన్ వాళ్లు 1940ల చివర్లో మొదలుపెట్టినవి, క్రిస్మస్ చెట్టు కింద తిరిగే రైలు చుట్టూ ఒక చిన్న ఊరు పెట్టుకోడానికి. జిగురు అక్కర్లేదు, గోడకి గోడ టక్కున నొక్కితే ఇల్లు నిలబడుతుంది, పండగయ్యాక విప్పేసి డబ్బాలో పెట్టేస్తే మళ్లీ ఏడాది వరకు అటక మీదే. అంటే కట్టారు కాబట్టి విలువ పోయింది అన్న గొడవ దీంట్లో పెద్దగా లేదు, విలువ తీసేది జిగురే. ఎప్పుడో ఏ నాన్నో గట్టిగా ఉంటుందని మూలల్లో పూసేసి ఉంటాడు, ప్లాస్టిక్ అక్కడ కరిగి మెరుస్తూ ఉండిపోతుంది. అమ్మే పెద్దాయన నా వేలు పట్టుకుని గోడ అంచు మీద రుద్దించి మరీ చూపించాడు, నున్నగా వస్తే మంచిది, గరుకు తగిలితే వదిలెయ్ అని.

ఇంకో సంగతి, డబ్బా మీద ఓ, ఎస్ రెండు సైజులకీ అని ఉంటుంది. ఓ అంటే 1:48, అసలు సైజులో నలభై ఎనిమిదో వంతు, ఎస్ అంటే 1:64, ఇంకా చిన్నది, ఒకే ఇల్లు రెండిటికీ ఎలా సరిపోతుంది? సరిపోదు. ఓ సైజు మనిషి బొమ్మ ఆ తలుపులోంచి వెళ్లాలంటే తల వంచాల్సిందే. నాకైతే అదే ముద్దు.

పక్క టేబుల్ మీద లెక్క పూర్తిగా తిరగబడింది. ఫైన్‌స్కేల్ మినియేచర్స్ కిట్లు, జార్జ్ సెల్లియోస్ 1967లో మొదలుపెట్టిన కంపెనీ, చెక్క పుల్లలు, ప్లాస్టర్, పోతపోసిన లోహపు ముక్కలు, ఒక్క బిల్డింగ్ కట్టడానికి నెలలు పడుతుంది. అవి కట్టకుండా డబ్బాలో అలాగే ఉంటేనే కలెక్టర్లు ఎగబడతారు. కట్టడానికి తయారుచేసిన వస్తువుని ఎవ్వరూ కట్టకూడదని మొక్కుకోవడం, ఏంటో నాకు మింగుడుపడదు.

సరే, నేను ప్లాస్టిక్‌విల్‌లోనే కేప్ కాడ్ అనే మోడల్ ఇల్లు ఒకటి కొన్నా. డబ్బా మూలలు చిరగలేదు, లోపలి అట్ట కూడా ఉంది, జిగురు లేదు, ఎగిరి గంతేశా. రాత్రి మోటెల్ మంచం మీద పరిచి కడుతుంటే చిమ్నీ లేదు! డబ్బా దులిపా, దుప్పటి దులిపా, బావ మంచం కింద టార్చ్ వేసి వెతికాడు. పైగా అప్పుడు చూస్తే గోడల తెలుపు కూడా ఒకటి కాదు, రెండు గోడలు కొంచెం పసుపు తిరిగాయి, అంటే రెండిళ్ల ముక్కలు కలిపి ఒకటి చేశారు. అమ్మినవాణ్ణి అనడానికేం లేదులే, గోడ అంచులు రుద్దడంలో పడి ముక్కలు లెక్కపెట్టుకోలేదు నేను.

మర్నాడు పొద్దున్నే మళ్లీ హాల్‌కి. ఒకాయన దగ్గర విడి ముక్కల ట్రే ఉంది, తలుపులు, కంచెలు, కిటికీలు, చిమ్నీలు అన్నీ కలగాపులగం. అరగంట కెలికితే రెండు దొరికాయి, ఒకటి సరైన రంగే గానీ కింద కొక్కెం విరిగింది, ఇంకోటి కొక్కెం బాగుంది గానీ రంగు వేరు. రెండూ కొన్నా.

మధ్యాహ్నం స్ట్రాస్‌బర్గ్ వెళ్లి అసోసియేషన్ వాళ్ల నేషనల్ టాయ్ ట్రెయిన్ మ్యూజియం చూశాం, తర్వాత స్ట్రాస్‌బర్గ్ రైల్‌రోడ్ ఆవిరి రైలెక్కాం, 1832లో ప్రభుత్వం ఇచ్చిన చార్టర్‌తో (అనుమతి పత్రంతో) పుట్టిన లైను అది, మొక్కజొన్న చేల మధ్య నుంచి పోతుంది. బావ కిటికీలోంచి ఇంజన్ వీడియో తీసుకుంటున్నాడు. నేను జేబులోంచి రెండు చిమ్నీలూ తీసి, ఏది పెడదాం బావా అని అడిగితే, విరిగినదానికి కాస్త జిగురు రాస్తే పోలా అన్నాడు.