సియాటిల్ చలిలో గుమ్మం ముందు పూల వాసన

మేముండేది సియాటిల్ పక్కన బాథెల్‌లో. అక్టోబరులో పట్టుకున్న వాన వసంతం దాకా వదలదు, డిసెంబరులో నాలుగున్నరకే చీకటి. మల్లెను కుండీలో పెట్టి ఇంట్లో కాపాడుకోవచ్చు గానీ, ఆ రోజుల్లో గుమ్మం దాటగానే పూల వాసన రావాలంటే చలికాలంలో పూసే పొదలే దిక్కు.

కొనేముందు జనవరి చివర్లో వాషింగ్టన్ పార్క్ ఆర్బొరేటమ్ అనే పెద్ద చెట్ల తోటలో ఉన్న విట్ వింటర్ గార్డెన్‌కి వెళ్లాను. విచ్ హేజెల్ అనే పొదకి ఆకు లేని కొమ్మల నిండా రిబ్బను ముక్కల్లాంటి పసుపు రేకులు! అయితే అన్ని రకాలకూ ఒకేలా వాసన ఉండదు. అందుకే నర్సరీలో పూత మీదున్న మొక్కలనే, ముక్కు దగ్గర పెట్టుకు చూసి కొన్నాను. విచ్ హేజెల్ అంటుమొక్క కాబట్టి, అంటు కింద నుంచి వచ్చే పిలకలను ఎప్పటికప్పుడు తీసేస్తుంటాను.

అసలు టెన్షన్ చలికాలంలోనే పూసే మరో పొద, డాఫ్నేతోనే. వేళ్ల దగ్గర నీరు నిలిస్తే కుళ్లిపోతుంది, నాటాక చోటు మారిస్తే తట్టుకోదు. మా పెరట్లో కాస్త తవ్వితే చాలు, నీరు ఇంకని గట్టి నేల. అందుకని మెట్ల పక్కన, పొద్దుటి ఎండ తగిలేచోట మట్టిని అడుగెత్తు దిబ్బగా పోసి, చెట్టు బెరడు పొడి కలిపి, వేళ్ల ముద్ద చెదరకుండా నాటాను. ఇక్కడ జులై, ఆగస్టుల్లో దాదాపు వానే ఉండదు. అప్పుడు బాగా తడిపి, పైమట్టి ఆరాకే మళ్లీ నీళ్లు పోశాను.

చలికాలం వచ్చేసరికి కొమ్మల చివర ముదురు గులాబీ మొగ్గలు గుత్తులుగా కనిపించాయి. మంచు కురిసిన ప్రతి రాత్రీ వాటిమీదే నా ధ్యాస. ఫిబ్రవరిలో విచ్చాయి: బయట గులాబీ, లోపల తెలుపు, మైనం పూసినంత నున్నగా. తియ్యటి వాసనలో సన్నగా నిమ్మ ఘాటు.

అప్పుడే ఇండియా నుంచి వచ్చిన అమ్మ కారు దిగుతూనే, "ఏమిటే ఈ వాసన! దేవుడికి ఓ గుత్తి కోయనా?" అంది. గ్లవ్స్ తెచ్చి నేనే కోసిచ్చాను. మొక్కంతా విషమే, దాని రసం తగిలితే చర్మం మండుతుంది. పిల్లలున్న ఇంట్లో ఈ సంగతి ముందే చెప్పి ఉంచాలి.

అంత శ్రమ పడలేనివాళ్లకు సార్కోకోకా అనే పొద మేలు. హిమాలయాల వైపు నుంచి వచ్చిన రకమొకటి మా ఇంటి ఉత్తరం గోడ నీడలో ఉంది. తెల్లటి చిన్న పూలు ఆకుల చాటున కనబడనే కనబడవు, వాసన మాత్రం వీధి దాకా వస్తుంది.