ముస్లిం అయితే ఏంటట?

2008 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు ఒబామా మీద తిరిగిన ఫార్వర్డ్ మెయిళ్లు గుర్తున్నాయా? రహస్యంగా ముస్లిం అని, ఇండోనేషియాలో మదర్సాలో చదివాడని, ఖురాన్ మీద ప్రమాణం చేశాడని. ఖురాన్ మీద ప్రమాణం చేసింది మిన్నెసోటా రాష్ట్రం నుంచి కాంగ్రెస్‌కి, అంటే అమెరికా పార్లమెంటుకి, ఎన్నికైన కీత్ ఎలిసన్, 2007లో. అది తెచ్చి ఈయనకి అతికించేశారు. పేరు మధ్యలో హుస్సేన్ ఉండటమే చాలిపోయింది వాళ్లకి.

అక్టోబరులో మిన్నెసోటాలో ఎన్నికల ప్రచార సభలో ఒకావిడ ఒబామా గురించి ‘ఆయన అరబ్’ అనగానే ప్రత్యర్థి, రిపబ్లికన్ అభ్యర్థి మెకెయిన్ మైకు తీసుకుని, కాదమ్మా, ఆయన మంచి కుటుంబం ఉన్న మనిషి, పౌరుడు, నాకు ఆయనతో అభిప్రాయభేదాలున్నాయంతే అన్నాడు. సొంత పార్టీ జనం ముందు అలా అనడం గొప్పే, ఒప్పుకుంటా. కానీ అరబ్ అయితే మంచి మనిషి కాలేడా? నాకు అక్కడే గుచ్చుకుంది. ఆ లోటు మాజీ విదేశాంగ మంత్రి కోలిన్ పవెల్ తీర్చాడు, రిపబ్లికన్ అయ్యుండి కూడా, కొద్ది రోజులకే టీవీలో కూర్చుని, ఆయన క్రైస్తవుడే, అయినా ముస్లిం అయితే మాత్రం తప్పేంటి, ఈ దేశంలో ఏడేళ్ల ముస్లిం పిల్లాడు ప్రెసిడెంట్ కావాలని అనుకోకూడదా అని అడిగేశాడు.

పుకార్లు ఆగితేగా! అమెరికాలోని హొనొలులులో పుట్టిన మనిషిని కెన్యాలో పుట్టాడు, ప్రెసిడెంట్ అయ్యే అర్హతే లేదు అన్నారు, గెలిచాక ఆ గోల ఇంకా ముదిరింది. 2011 ఏప్రిల్‌లో వైట్‌హౌస్ పూర్తి బర్త్ సర్టిఫికెట్ బయటపెడితే, అదీ ఫోర్జరీయే అన్నారు.