పాత జీపుకు సైలెన్సర్ మార్పించిన అనుభవం

తిరుపతిలో ఉద్యోగం చేసుకుంటూ పాకాల వైపు ఉన్న మా మామిడి తోటను చూసుకునే నాకు, 1990ల నాటి మహీంద్రా ఎంఎం 540 జీపు ఇప్పటికీ నమ్మకమైన బండి. 2112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజను, ముందూ వెనకా కమాను పట్టీలు, అవసరమైనప్పుడు నాలుగు చక్రాలకూ పట్టునిచ్చే గేరు ఉన్న ఈ బండి, తోతాపురి కోతల కాలంలో దామలచెరువు మార్కెట్‌కూ, తీరిక దొరికినప్పుడు భాకరాపేట మీదుగా తలకోన దారిలోకీ వెళ్లివస్తూ ఉంటుంది. దీనికి సైలెన్సర్ వరుస మొత్తాన్ని, అంటే ఇంజను సిలిండర్ల పొగను ఒకచోటికి చేర్చే మ్యానిఫోల్డ్ కింద మొదలయ్యే ముందు పైపు, మధ్యలోని సైలెన్సర్ డబ్బా, పొగను బండి వెనకకు చేర్చే తోక పైపు, మూడింటినీ ఈమధ్యనే మార్పించాను. పాత బండ్లను ప్రేమగా నడుపుకునేవారికి ఉపయోగపడుతుందని ఆ పని జరిగిన తీరు రాస్తున్నాను.

చెడిపోయిందని మొదట చెప్పింది చప్పుడు కాదు, మసి. బానెట్ ఎత్తి చూస్తే మ్యానిఫోల్డూ ముందు పైపూ నట్లతో కలిసే ఫ్లాంజి అనే అంచు దగ్గర, మధ్యలో పొగ కారకుండా వేసే గ్యాస్కెట్ వెంబడి నల్లటి చార పైకి పాకి ఉంది. పొగ అక్కడ బయటికి తన్నుతోందనడానికి అంతకంటే నమ్మదగిన గుర్తు లేదు. ఆ తరువాత ఎత్తు ఎక్కేటప్పుడు చప్పుడు పెరిగింది; టాపు దించి నడిపితే లోపల పొగ వాసన వచ్చింది. ఈ వాసనను తేలికగా తీసుకోకూడదు. డీజిల్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ పెట్రోల్ పొగలో కంటే తక్కువే అయినా, దానికి రంగూ వాసనా ఉండవు కనుక అది ఎంత చేరిందో ముక్కుకు తెలియదు. బండి కింద పడుకుని స్క్రూడ్రైవర్ పిడితో సైలెన్సర్ డబ్బాను తట్టి చూస్తే, ముందు భాగం ఖంగుమన్నది, వెనక భాగం మెత్తగా పలికింది. ఇంకొంచెం గట్టిగా నొక్కేసరికి స్క్రూడ్రైవర్ మొన లోపలికే దిగిపోయింది.

వెనక భాగమే ముందుగా ఎందుకు పుచ్చిపోతుందో తెలుసుకుంటే పాత సైలెన్సర్ మీద మనకు కోపం రాదు. ఒక లీటరు డీజిల్ మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. ఇంజను దగ్గర పైపు కాలిపోతూ ఉంటుంది కాబట్టి ఆవిరి ఆవిరిగానే సాగిపోతుంది. వెనకకు పోయేకొద్దీ పైపు చల్లగా ఉండి అది నీరై డబ్బా అడుగున చేరుతుంది. అరగంట సాగని చిన్న ప్రయాణాలలో డబ్బా ఆ నీటిని ఆర్చేంత వేడెక్కదు. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా బీఎస్ 6 (భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణం) డీజిల్ వచ్చి గంధకం పది లక్షల వంతులలో పది వంతులకు తగ్గింది గానీ, అంతకు ముందు నా జీపు తాగిన డీజిల్‌లో గంధకం చాలా ఎక్కువ. అది నీటితో కలిసి ఆమ్లమై ఏళ్ల తరబడి రేకును లోపలి నుంచి తినేసింది. పైనుంచి చూసి బాగుందనుకునే సైలెన్సర్ లోపల డొల్లయి ఉండడానికి కారణం ఇదే.

రేణిగుంట రోడ్డు వైపు పాత జీపుల పని తెలిసిన పెద్ద మేస్త్రీ ఒకరున్నారు. తయారుగా దొరికే సెట్టులో డబ్బా బాగానే ఉన్నా పైపులు పలచని రేకువి కావడంతో, డబ్బా కొని, పైపులను పదహారు గేజి, అంటే సుమారు 1.6 మిల్లీమీటర్ల మందం ఉన్న మామూలు ఉక్కుతో చేయించుకోవాలని నిర్ణయించుకున్నాం. స్టెయిన్‌లెస్ స్టీల్ ఎక్కువ కాలం మన్నుతుందన్నది నిజమే. అయితే దానికి ఆర్గాన్ వెల్డింగ్ కావాలి, ఖర్చూ బాగా పెరుగుతుంది. తలకోన రాళ్ల మధ్య ఎక్కడైనా పగిలితే పల్లెలోని వెల్డింగ్ షాపులో అతికించుకోగలిగేది మామూలు ఉక్కునే. పైపు వ్యాసం మాత్రం పాతదానితో సమానంగానే ఉంచాం.

విప్పడమే కష్టమైన పని. ముందు రాత్రే తుప్పు వదిలించే నూనె పోసి ఉంచినా ఫ్లాంజి నట్లు కదలలేదు. గ్యాస్ మంటతో నట్టును ఎర్రబడేదాకా కాల్చి, ఒకేసారి విప్పకుండా కొంచెం వెనక్కి, కొంచెం ముందుకి తిప్పుతూ వచ్చారు. అయినా ఒక స్టడ్డు, అంటే మ్యానిఫోల్డ్‌లో దిగి ఉండే తలలేని బోల్టు, దాని అంచు దగ్గరే విరిగింది. మేస్త్రీ దానికి డ్రిల్లు పెట్టలేదు. మిగిలిన మొండి మీద కొత్త నట్టు ఒకటి నిలబెట్టి, దాని రంధ్రంలోంచి వెల్డింగ్ దింపి, అతుకు ఎర్రదనం తగ్గాక స్పానర్ వేశారు. వెల్డింగ్ వేడికి పట్టు సడలిన స్టడ్డు చిన్న కీచుమనే శబ్దంతో తిరిగి బయటికి వచ్చింది. కొత్త స్టడ్లకు ఇత్తడి నట్లు వేయించాను. ఇత్తడి తుప్పు పట్టదు కనుక ఈసారి విప్పాల్సి వస్తే మంట అవసరం ఉండకపోవచ్చు.

ముందు పైపు వంపులు తీసిన తీరు చూడవలసిందే. ఒక చివర మూసి, పెనం మీద వేయించి ఆరబెట్టిన ఇసుకను పైపులో పోసి, సుత్తితో తడుతూ కూరి, రెండో చివరా చెక్క బిరడాతో బిగించారు. వంచవలసిన చోట మాత్రమే మంట పెట్టి, నారింజ రంగు రాగానే పాత పైపు పక్కన పెట్టి సరిచూస్తూ వంచారు. లోపల ఇసుక నిండి ఉన్నందువల్ల వంపు దగ్గర పైపు నొక్కుకుపోలేదు. ఇసుకలో తడి ఉంటే ఆవిరి ఒత్తిడికి బిరడా తూటాలా ఎగిరివస్తుందని, అందుకే వేయించడం ఎప్పుడూ మానరని చెప్పారు.

ఇక నా దృష్టిలో ఈ పనికంతటికీ ప్రాణమైన విషయం పైపును వేలాడదీయడం. ఇంతకు ముందు వేరొక చోట అతుకులు వేసినవారు తోక పైపును ఇనుప పట్టీతో నేరుగా ఛాసీకి వెల్డు చేసేశారు. ఇంజను రబ్బరు మౌంటుల మీద కూర్చుని ఊగుతుంది, ఛాసీ గుంతల్లో మెలి తిరుగుతుంది. ఈ రెండింటికీ బిగదీసి కట్టిన పైపు ఎక్కడో ఒకచోట చీలక తప్పదు. ఫ్లాంజి గ్యాస్కెట్ మళ్లీ మళ్లీ పోవడానికి అసలు కారణం అదేనని మేస్త్రీ చూడగానే చెప్పారు. "పైపు బంగారంతో చేయించినా సరే నైనా, దానికి ఊగే వీలు లేకపోతే మళ్లా నా దగ్గరికే వస్తావు" అన్నారు. పాత పట్టీని కోసేసి, డబ్బాకు ముందూ వెనకా, తోక పైపు చివరా రబ్బరు హ్యాంగర్లు పెట్టించాం. వెనక యాక్సిల్‌ను జాకీతో పైకి లేపి, కమాను పట్టీలు పూర్తిగా అణిగినప్పుడు పైపుకూ యాక్సిల్‌కూ మధ్య చెయ్యి పట్టేంత ఖాళీ ఉందో లేదో చూశాకే ఆ స్థానం ఖాయం చేశారు. చక్రాలకు ఇంజను బలాన్ని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ దగ్గరా, బ్రేకు గొట్టాల దగ్గరా అలాగే చూశారు.

వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ కేబుళ్లు విప్పించాను; వెల్డింగ్ కరెంటుకు, బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్‌లోని డయోడ్లు పోతే అది వేరే ఖర్చు. బండి మీద చుక్క అతుకులు మాత్రమే వేసి, పైపులను కిందికి దించి పూర్తి వెల్డింగ్ చేశారు. దానివల్ల డీజిల్ ట్యాంకుకు దూరంగా పని జరిగింది, అతుకు చుట్టూ నిండుగా పడింది. తిరిగి ఎక్కించేటప్పుడు క్లాంపులన్నీ వదులుగా ఉంచి, పైపు తనంతట తాను సర్దుకున్నాక ఫ్లాంజి దగ్గర మొదలుపెట్టి వెనకకు బిగించుకుంటూ వచ్చారు.

ఇంజను నడుస్తుండగా తోక పైపు చివర మందపాటి తడిగుడ్డ ఒక్క క్షణం అడ్డుపెట్టి చూస్తే, కారే చోటు ఉంటే బుస్సుమని వినిపిస్తుంది. డబ్బా ముందరి అతుకు దగ్గర అలా సన్నగా వినిపిస్తే అక్కడికక్కడే సరిచేశారు. మొదట్లో కొంత సేపు పైపుల మీది నూనె, రంగు కాలి పొగ రావడం మామూలే.

తరువాత పొల్యూషన్ పరీక్షకు తీసుకెళ్లాను. బీఎస్ 4కు ముందు తరం డీజిల్ బండ్లకు పొగ సాంద్రత 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు దాటకూడదు, ధ్రువపత్రం ఆరు నెలలు చెల్లుతుంది. దారిలోనే పొగ బయటికి పోతుంటే ఆ కొలతకు అర్థం ఉండదు కాబట్టి, ముందు పొగ కారే చోట్లు మూసి ఆ తరువాతే పరీక్షకు వెళ్లడం సరైన వరుస. బండి పాసయింది. కొత్త గ్యాస్కెట్ వేడికి అణుగుతుంది కనుక తలకోన దారిలో ఒకసారి నడిపి, పూర్తిగా చల్లారాక ఇత్తడి నట్లను మళ్లీ బిగించాను. ప్రతి నట్టూ కాస్త తిరిగింది. ఫ్లాంజి అంచున ఇప్పుడు మసి చార లేదు.