గేమ్ ఆడుతుంటే ఫ్యాన్ మోత

రైజెన్ 7 7700ఎక్స్ ప్రాసెసర్‌లో 95 డిగ్రీలు కనబడగానే కంగారు పడక్కర్లేదు. ఆ చిప్‌కి ఏఎండీ పెట్టిన హద్దే అది, దాటబోతే వేగం తనే తగ్గించుకుంటుంది. నన్నడిగితే చికాకంతా మోతతోనే. ఒకే స్థాయిలో ఉంటే చెవి అలవాటు పడుతుంది గానీ, రెండు సెకన్లకోసారి లేచి పడే మోత భరించలేం.

లోడింగ్ స్క్రీన్ వచ్చినా, షేడర్లు (గేమ్ బొమ్మలు గీసే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ అవుతున్నా టెంపరేచర్ క్షణంలో ఎగురుతుంది. ప్రాసెసర్‌లో లెక్కలు చేసే ముక్క (చిప్‌లెట్) చిన్నది, వేడంతా ఒకేచోట పుడుతుంది. హీట్‌సింక్ ఇంకా వేడెక్కకముందే ఫ్యాన్ పరుగందుకుంటుంది. అందుకే బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) ఫ్యాన్ స్టెప్ అప్ టైమ్, అంటే ఫ్యాన్ వేగం పెరగడానికి తీసుకునే సమయం, 3 నుంచి 5 సెకన్లు పెట్టండి. 60–80 డిగ్రీల మధ్య ఫ్యాన్ కర్వ్‌ని (ఎంత వేడికి ఎంత వేగమో చెప్పే గీతని) దాదాపు చదునుగా, 50–55 శాతం దగ్గర ఉంచండి. 85 దాటాకే పైకి లేపండి.

ఆ తర్వాత ఎకో మోడ్, అంటే ప్రాసెసర్ పవర్ తగ్గించే సెట్టింగ్. 65 వాట్ల పేరున్నది ఎంచుకుంటే సాకెట్ పవర్ హద్దు 142 వాట్ల నుంచి 88కి దిగుతుంది. చాలా గేములు ఆ 142 వాడుకోనే వాడుకోవు కాబట్టి ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు) తేడా పెద్దగా తెలియదు. చిప్ వోల్టేజ్ తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్‌ని మైనస్ 15తో మొదలుపెట్టండి. ఒకేసారి మైనస్ 30కి వెళ్తే గేములో బాగానే ఉండి, పీసీ ఖాళీగా ఉన్నప్పుడు రీస్టార్ట్ కావచ్చు. కారణం దొరక్క జుట్టు పీక్కోవాలి!

మానిటర్ 144 హెర్ట్జ్ అయితే చిప్‌కి పని తగ్గేలా ఫ్రేమ్ క్యాప్ (సెకనుకి ఫ్రేముల హద్దు) 141 పెట్టండి.

మే నెల విజయవాడలో గది 38 డిగ్రీలుంటే, 25 డిగ్రీల ఏసీ గదితో పోలిస్తే అదే పవర్‌కి, అదే ఫ్యాన్ వేగానికి చిప్ దాదాపు 13 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. వేసవికి వేరే ఫ్యాన్ ప్రొఫైల్ సేవ్ చేసి పెట్టుకోండి.