గాలి పోయిందా?

మాది కావలి దగ్గర పల్లె. కావలి కాలువ చివరి ఆయకట్టులో నాలుగెకరాల వరి. పొలం సంగతి ఎందుకంటే, నా ఆపరేషన్ నాకు అర్థమైంది ఆ కాలువ వల్లే.

చిన్నపేగు ఒకచోట సన్నబడిపోయి, తిన్నది దిగక వాంతులు. నెల్లూరులో చూపిస్తే ఆ ముక్క కోసేసి కొసలు కలిపి కుట్టాలన్నారు. ముందురోజు మత్తు డాక్టరు వచ్చి నోరు, పళ్లు, మెడ చూసి, నేను వేసుకునే టెల్మిసార్టాన్ ఆపమన్నారు.

"బీపీ ఉన్నోడికి బీపీ మాత్ర ఆపడమేంది సార్?"

మత్తులో బీపీ ఎలాగూ దిగుతుందట, ఆ మాత్ర కూడా తోడైతే మళ్లీ పైకి తేవడం కష్టమట. బీపీ పడితే గుండెకు ప్రమాదమేమో అనుకున్నా. గుండె, మెదడు తమ వాటా ముందే తీసుకుంటాయి, కోత పడేది పేగులకు అన్నారాయన. మామూలుగా గుండె తోసే రక్తంలో దాదాపు నాలుగో వంతు పేగులు, కాలేయం వైపే పోతుందట. ఇంకేం, మా కాలువే! నీళ్లు తగ్గితే పైవాళ్ల మళ్లు తడుస్తూనే ఉంటాయి, ఎండేది మావి. కుట్టిన చోటికి రక్తం అందకపోతే అతుకు నిలవదు.

"మరి పీల్చే మత్తుమందు మంచిదా, నరానికెక్కించేదా?" సెవోఫ్లురేన్ అయినా ప్రొపోఫోల్ అయినా బీపీని దించేవేనట. మందు పేరుకన్నా బీపీని ఎంతలో నిలబెట్టామన్నదే ముఖ్యమన్నారు. బీపీ పెంచే మందు ఎక్కువైతే పేగు రక్తనాళాలే బిగుసుకుంటాయి, సెలైన్ ఎక్కువైతే పేగు ఉబ్బుతుంది. ఆయన పని, కాలువ నీళ్లు పంచే మా లస్కరు పనికన్నా కష్టమే. నొప్పికి వీపులో సన్నగొట్టం కూడా పెట్టారు. దానివల్ల మార్ఫిన్ లాంటి మందుల అవసరం తగ్గి, పేగు తొందరగా కదులుతుందట.

ఆపరేషన్ గురించి చెప్పడానికేమీ లేదు, నిద్రపోయాను. అసలు టెన్షన్ తర్వాతే. పూటపూటకీ నర్సమ్మ అదే ప్రశ్న: "గాలి పోయిందా?" కింది నుంచి గాలి పోతే పేగు మళ్లీ కదిలినట్టు. చిన్నపేగు ఒక రోజులో తేరుకున్నా, పెద్దపేగుకు రెండు మూడు రోజులు పడుతుందట. చూడ్డానికొచ్చిన మా బావమరిది కూడా అందరి ముందూ అదే అడిగాడు. సిగ్గు ఎప్పుడో పోయింది, గాలే పోలేదు. సెలైన్ స్టాండు పట్టుకుని వరండాలో నడిచాను, చూయింగ్ గమ్ నమిలాను.

మూడో రోజు తెల్లవారుజామున వరండా మలుపులో పోయింది. నా కన్నా ముందు మా ఆవిడే పరుగెత్తి నర్సమ్మకు చెప్పింది. ఆ పూట అరగ్లాసు కొబ్బరినీళ్లు ఇచ్చారు.