6.3 నుంచి 5.6కి: ప్రీడయాబెటిస్‌తో నా ఆరు నెలలు

నిన్న సాయంత్రం రిపోర్ట్ చేతికొచ్చింది. గత రెండు మూడు నెలల సగటు షుగర్ ఎంతో చెప్పే రక్తపరీక్ష, హెచ్‌బీఏ1సీ, 5.6. ఏప్రిల్‌లో ఇదే 6.3 ఉంది. 5.7 లోపు నార్మల్, 6.4 వరకు ప్రీడయాబెటిస్, అంటే షుగర్‌కు ముందు దశ, 6.5 నుంచి షుగర్ కింద లెక్క. మా అమ్మకు షుగర్ వల్లే కాలి వేలు తీసేశారు, అందుకే ఆ 6.3 చూసిన రోజు నాకు అన్నం సహించలేదు.

స్కూల్లో హెల్త్ క్యాంప్ పెడితే రక్తం ఇచ్చాను, అక్కడే బయటపడింది. వెంటనే ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్లాను. డాక్టర్ రెండు నిమిషాలు చూసి డైట్ కౌన్సెలింగ్‌కి పంపారు. ఆ గది తలుపు బార్లా తీసి ఉంది, బయట కుర్చీల్లో పది మంది. లోపలున్న అమ్మాయి నన్ను మిషన్ ఎక్కించి "71" అని అందరికీ వినపడేలా చదివింది. అన్నం ఎంత తింటారని అడిగింది. "మామూలుగానే అండి" అన్నాను.

"మామూలుగా తింటే ఇలా అవరు కదా మేడమ్!" అని గట్టిగా నవ్వింది.

బయట కూర్చున్నవాళ్లలో మా క్లాసు పిల్లాడి తల్లి ఉంది. ఆవిడ నన్ను చూసి తల దించేసుకుంది. పంతొమ్మిదేళ్లుగా పాఠం చెబుతున్నాను, తప్పు చెప్పిన పిల్లాణ్ని కూడా ఏనాడూ నలుగురి ముందు అలా నవ్వి చిన్నబుచ్చలేదు. జబ్బుతో వచ్చిన మనిషితో మాట్లాడటం రానివాళ్లను ఆ కుర్చీలో ఎలా కూర్చోబెడతారు? మీకు అలా జరిగితే తలుపు వేయమని అడగండి. నేను అడగలేకపోయాను, ఇప్పటికీ బాధగానే ఉంది.

తర్వాత ఒక చార్ట్ చేతిలో పెట్టింది. ఓట్స్, కినోవా, బ్రకోలీ, ఆలివ్ ఆయిల్. మా నాన్నమ్మ రోజూ తాగిన చోడంబలి, అదే రాగి అంబలి, మాట అందులో ఎక్కడా లేదు. దాంతోపాటు 1,800 రూపాయల పౌడర్ డబ్బా. వాడకపోతే ఆరు నెలల్లో ఇన్సులినే అంది, భయపడి కొనేశాను. ఇంటికొచ్చి వెనకాల చదివితే మాల్టోడెక్స్‌ట్రిన్ అని ఉంది. అది గ్లూకోజ్‌ను గబగబా పెంచే పదార్థం! పది రోజులు వాళ్ల చార్ట్ ప్రకారం ఓట్స్ తిని, ఆకలికి రాత్రిళ్లు నిద్ర పట్టక మానేశాను.

తోటి టీచర్ మా విశాఖ మద్దిలపాలెంలో ఒక చిన్న క్లినిక్ గురించి చెప్పింది. అక్కడి పెద్దాయన మొదట అడిగింది, "హిమోగ్లోబిన్ ఎంతమ్మా?" అని. చేయిస్తే 9.4, తక్కువే. ఐరన్ తక్కువగా ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చట. అందుకే పరగడుపున ఒకసారి, 75 గ్రాముల గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు ఒకసారి చేయించారు. 112, 164 వచ్చాయి, రెండూ నార్మల్ కంటే ఎక్కువే. అంటే ప్రీడయాబెటిస్ నిజమే, కానీ ఈసారి నాకు విషయం అర్థమైంది.

ఐరన్‌తో పాటు షుగర్ తగ్గించే మాత్ర మెట్‌ఫార్మిన్ 500 రాశారు. మొదటి వారం కడుపు పాడైంది, భోజనం మధ్యలో వేసుకుంటే సర్దుకుంది. మాత్ర ఒక్కటే చాలదని ఆయన గట్టిగా చెప్పారు. అమెరికాలో 2002లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లలో షుగర్ వచ్చే ముప్పు 58 శాతం తగ్గితే, మెట్‌ఫార్మిన్ వాడినవాళ్లలో 31 శాతమే తగ్గింది. నా 71లో 7 శాతమంటే ఐదు కిలోలు. ఐదేనా అనిపించి ధైర్యం వచ్చింది.

అన్నం తూకం వేసుకోమన్నారు. నేను కొంచెమే అనుకుని పెట్టుకునే అన్నం కాటా మీద 420 గ్రాములు తూగింది. మూడుసార్లు తూచాను, అంతే. నెల రోజుల్లో మెల్లగా 150కి తెచ్చాను. ముందు కూర, పప్పు తిని తర్వాత అన్నం కలుపుకుంటాను. ఎంవీపీ కాలనీ రైతు బజార్‌లో తోటకూర, ఆనపకాయ, బీరకాయ తెచ్చుకుంటాను, కినోవా ఇంతవరకు కొనలేదు. పొద్దున్న మజ్జిగ, ఉల్లిపాయ వేసి చోడంబలి ఒక్క గ్లాసే, అదీ పిండి పదార్థమే కాబట్టి. బీచ్ రోడ్డులో కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి సబ్‌మెరైన్ మ్యూజియం వైపు వెళ్లి వస్తూ రోజూ అరగంట నడక. వానాకాలంలో కూడా మానలేదు, వర్షం పడితే మేడ మెట్లు ఎక్కి దిగాను. స్టాఫ్ రూమ్‌లో ఎన్ని లడ్డూలు వచ్చినా ఆరు నెలల్లో ఒక్కటీ ముట్టలేదు, ఇది గర్వంగానే చెబుతున్నాను.

ఇప్పుడు 65 కిలోలు. హిమోగ్లోబిన్ 12.1. అది పెరగడం వల్లే హెచ్‌బీఏ1సీ తగ్గిందేమోనని పరగడుపున, గ్లూకోజ్ తాగాక చేసే ఆ రెండు టెస్టులూ మళ్లీ చేయించాను: 96, 131, రెండూ నార్మలే. డాక్టర్‌గారు మెట్‌ఫార్మిన్ ఆపేసి, మూడు నెలలకు మళ్లీ రమ్మన్నారు. పాత అలవాట్లకు వెళ్తే మళ్లీ వస్తుందని కూడా చెప్పారు.

గాజువాకలో ఉండే మా చెల్లికి రాత్రే ఫోన్ చేశాను. దానికి 38, ఇంతవరకు ఒక్క టెస్టూ చేయించుకోలేదు. రేపు ఉదయం పరగడుపున నేనే తీసుకెళ్తున్నాను. హిమోగ్లోబిన్‌కి కూడా చీటీ రాయించుకున్నాను.